తేలికదే తీసుకున్నాం

మా ఆయన చేసేది చచ్చిపోయినవాళ్ళను బాగుచేసే పని. నేనిలా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "ఫోటోలు దిద్దే పని అని చెప్పుమే, వినేవాళ్ళు జడుసుకుంటారు" అని కసిరేవాడు. ఏ పేరు పెట్టినా పని అదే. బోగోలులో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఒకప్పుడు పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, స్కూలు పిల్లల ఫోటోలు అన్నీ మావే. ఫోన్లు వచ్చాక బతికున్నవాళ్ళందరూ ఎవరి ఫోటో వాళ్ళే తీసుకోవడం మొదలుపెట్టారు. పోయినవాళ్ళకు ఆ వీలు లేదు కాబట్టి వాళ్ళు మాత్రం మాకు మిగిలారు.

ఇంట్లో మనిషి పోగానే ఫోటో కోసం వెతుకులాట మొదలవుతుంది. బీరువాలన్నీ తిరగేస్తే ఆధార్ కార్డు మీది ఒకటి దొరుకుతుంది. అందులో ఎంత మంచివాడైనా దొంగలాగే ఉంటాడు. లేదంటే ఎవరి పెళ్ళిలోనో బంతిలో కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంటున్న ఫోటో ఉంటుంది. దాంట్లోంచి మొహం కత్తిరించి, కింద తెల్లచొక్కానో పట్టుచీరో తొడిగి, వెనకాల నీలం రంగు పరిచి, పెద్దకర్మ నాటికి పటం కట్టి ఇవ్వాలి. మా క్రైస్తవుల ఇళ్ళలో అయితే జ్ఞాపకార్థ కూడిక నాటికి, కింద ఒక వాక్యం వేసి ఇవ్వాలి.

చావు జరిగిన ఇంటివాళ్ళు అంటు తీరేదాకా మా షాపు మెట్టెక్కరు. పక్కనున్న మిఠాయి కొట్టాయన ఎక్కనివ్వడు కూడా. అందుకని లాప్‌టాప్ పట్టుకుని మేమే వాళ్ళ ఇంటికి వెళ్తాం. మంచం మీదో ప్లాస్టిక్ కుర్చీ మీదో దాన్ని పెట్టుకుని, చుట్టూ అయినవాళ్ళు చూస్తుండగా మొహం దిద్దాలి. ముక్కు అట్లా కాదని ఒకరు, నవ్వు ఇట్లా కాదని ఒకరు. అందరూ సరే అన్నాక ఫైలు నెల్లూరులో కలర్ ల్యాబుకు పంపితే, వాళ్ళు పెద్ద ప్రింటు వేసి ఫ్రేము కట్టి బస్సులో వేస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ పని బొట్టుతో. ఒక ఇంట్లో పెట్టమంటారు, ఇంకో ఇంట్లో తీసేయమంటారు. మొగుడు పోయాక ఏళ్ళ తరబడి బోసి నుదుటితో బతికిన ముసలామె కన్నుమూస్తే, పటంలో ఆయన పక్కన కూర్చోబెట్టేటప్పుడు మాత్రం రూపాయంత బొట్టు కావాలి. "నాయన పక్కన అమ్మని బొట్టు లేకుండా ఎట్టా కూసోబెట్టేదక్కా" అని కొడుకులు ఏడుస్తారు. బతికున్నప్పుడు పెట్టుకోనిచ్చారా మరి? నాకు నోటిదాకా వచ్చేది. మా ఆయన కళ్ళతోనే నన్ను నోరు మూసుకోమనేవాడు. మా క్రైస్తవుల ఇళ్ళలో ఇది తలకిందులుగా ఉంటుంది. బాప్తిస్మానికి ముందు తీసిన ఫోటో ఒక్కటే దొరుకుతుంది, అందులో నుదుటి నిండా బొట్టు ఉంటుంది. దాన్ని తీసేసి అక్కడ చర్మం పుట్టించాలి. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు. బొట్టు ఎక్కడ తీశాడో వేలుపెట్టి చూపించమంటే ఎవరి తరమూ అయ్యేది కాదు.

మా పాత లాప్‌టాప్ ఒక మొండిఘటం. మూత దగ్గర విరిగిపోతే రబ్బరు బ్యాండు వేసి నెట్టుకొచ్చాం. దాని స్క్రీను ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఒక మొహం, పక్కన కూర్చున్నవాళ్ళకు ఇంకో మొహం చూపించేది. నేల మీద కూర్చున్న తల్లికి కొడుకు మొహం బొగ్గులాగా కనిపించేది. "మా బిడ్డ ఇంత నలుపా?" అని ఆమె గొల్లుమనేది. నేను చెయ్యి పట్టుకుని లేపి "ఇట్టా ఎదురుగా కూసోని చూడుమ్మా" అని కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు ఆ కుర్చీలోకి వచ్చి, చూసి, కళ్ళు తుడుచుకుంటూ లేచేవాళ్ళు. పైగా అది గుండ్రాయంత బరువు. మోసేది నేను.

స్కూటీ నడిపేదీ నేనే. అంతకుముందు ఆయనే నడిపేవాడు. రొయ్యల గుంటల గట్ల మీద కూడా వెనకాముందూ చూడకుండా పోయేవాడు, నేను వెనక కూర్చుని ప్రభువును తలుచుకునేదాన్ని. ఒకరోజు నడుం నొప్పి అన్నాడు. ఇక బండి ముట్టలేదు. చేసేదేముంది, నేను నేర్చుకున్నాను. జువ్వలదిన్నె దారిలో ఒక మలుపు దగ్గర ఇసుకలో జారి ఇద్దరం పడ్డాం. ఆయనకేం కాలేదు గానీ నా కుడి భుజం పోయింది. చెయ్యి పైకెత్తితే ప్రాణం విలవిల్లాడేది, జడ వేసుకోవాలన్నా కన్నీళ్ళు వచ్చేవి. వెనక కూర్చున్న మొగుడు బ్యాగు ఒళ్ళో పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. పెట్టుకునేవాడు కాదు. ఒక చేత్తో సీటు వెనక కమ్మీ, ఇంకో చేత్తో నా నడుము పట్టుకుని బిగదీసుకుని కూర్చునేవాడు. "కొత్త పెళ్ళికూతురివా ఏందయ్యా, అంత భయం దేనికి?" అని ఎగతాళి చేసేదాన్ని. నవ్వేసేవాడు. బ్యాగు నా భుజానికే వేలాడేది.

ఆ రోజుల్లోనే ఆయన మాటతీరు కూడా మారింది. ఒకప్పుడు చావు ఇంట్లో కూడా కసురుకునేవాడు. ఎవరైనా ముక్కు గురించి, మూతి గురించి మాట్లాడబోతే "నాకు కనపడతా ఉండాది గదా, మీరు గమ్మునుండండి" అనేవాడు. అలాంటిది మెల్లగా పని మొదలుపెట్టకముందే వాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. "చెప్పండమ్మా, మనిషి ఎట్టా ఉండేవాడు? నవ్వితే పళ్ళు కనపడేవా? కళ్ళ కింద గుంటలుండేవా?" వాళ్ళు చెప్తుంటే తల ఊపుతూ వినేవాడు, మధ్య మధ్య "ఇప్పుడెట్టుండాది?" అని అడిగేవాడు. జనం మెచ్చుకున్నారు. "అన్న ఎంత ఓపిగ్గా అడగతాడో" అని పక్క ఊళ్ళలో కూడా చెప్పుకున్నారు. వయసొచ్చాక మెత్తబడ్డాడు అనుకున్నాను నేను. మా చర్చి గుళ్ళో నా పక్కన కూర్చున్నావిడతో గొప్పగా చెప్పాను కూడా.

జువ్వలదిన్నెలో ఒక ఇంటికి వెళ్ళాం. వేటకు పోయిన మనిషి పడవ మీద నుంచి పడి, దొరకలేదు. చూసి చూసి, ఇక లాభం లేదని కర్మ పెట్టుకున్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోటో, పడవ ముందు పదిమందీ వరుసగా నిలబడి తీయించుకున్నది. అతని మొహం చింతగింజంత ఉంది. పెద్దది చేస్తే కళ్ళూ లేవు, ముక్కూ లేదు, అన్నీ గళ్ళే. ఆ పిల్లను, అతని భార్యను, మా ఆయన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నవ్వితే ఎట్టుండేవాడు తల్లీ?"

"ఎడం పక్క మూతి ముందు కదిలేదన్నా" అంది ఆ పిల్ల. "ఎండలో ఒక కన్ను మూసేవోడు ఎప్పుడూ. కనుబొమ్మ మీద గాటుండేది, గాలమేదో తగిలి."

ఆమె చెప్తూ పోయింది, ఆయన చేస్తూ పోయాడు. నిజం చెప్పాలంటే చివరికి వచ్చింది ఆ ఫోటోలో ఉన్న మనిషి కాదు. ముక్కు వేరు, గడ్డం వేరు. నేను పక్కనే ఉండి చూస్తూనే ఉన్నాను. ఆ పిల్ల మాత్రం స్క్రీను మీద అరచెయ్యి ఆనించి "ఆయనే" అని అక్కడే కూలబడింది. ఆ ఇంట్లో ఏడుపు మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మాకు తలవంపులు తెచ్చిన పని ఒకటి జరిగింది. మా సంఘంలోనే ఒక పెద్దావిడ పోయింది. ఆమె ఫోటో ఒక్కటే, బాప్తిస్మానికి ముందుది, బొట్టుతో ఉన్నది. మా ఆయన ఆ ఇంట్లో కూర్చుని బొట్టు తీసేశాడు. పాత స్క్రీను మీద అందరం చూశాం, బాగానే ఉంది. ల్యాబు నుంచి ఫ్రేము ఆలస్యంగా వచ్చింది, బస్సు దగ్గర దింపుకుని కాగితం చుట్టింది చుట్టినట్టే కూడికకు తీసుకెళ్ళి ఇచ్చేశాం. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఆ కాగితం విప్పి, పటాన్ని బల్ల మీద నిలబెట్టారు. నుదుటి మధ్యలో ఎర్రటి మరక.

ఆమె కూతురు లేచి నిలబడింది. "మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రభువుని నమ్ముకున్నది. చచ్చినాక మీరు బొట్టు పెడతారా?" అంది మా ఆయన్ని చూసి, అందరి ముందూ. నేను భూమిలోకి కుంగిపోయాను. మా ఆయన పటం ఎదుటే నిలబడి ఉన్నాడు. "తీసినానమ్మా, తీసినాను, స్క్రీను పాతదైపోయి రంగు తెలియలేదు" అన్నాడు. ల్యాబువాళ్ళ చేతే దిద్దించి, మళ్ళీ ఫ్రేము కట్టించి ఇచ్చాం. ఆ ఇంటివాళ్ళు ఈ రోజుకీ గుళ్ళో మాకు ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు.

ఇక నేను పట్టుబట్టాను. కొత్త లాప్‌టాప్ కొనాలి, మంచి స్క్రీను ఉన్నదే కొనాలి. ఆయన కొందామన్నాడు గానీ తేలికది కొందామన్నాడు. రోజూ ఇదే పంచాయితీ.

"నీ భుజం చూసుకోమే. జడేసుకోలేకపోతా ఉండావు."

"నా భుజం సంగతి నాకొదిలెయ్. నీ పని రంగులతో కదయ్యా. రంగు తెలియని స్క్రీను ఏం చేసుకోను, అప్పడాలొత్తుకోనా?"

"రంగు నా చేతిలో ఉండాది, స్క్రీనులో కాదు."

"ఉండాది ఉండాది. అందరి ముందరా చూసినాంలే నీ చేతిలో రంగు."

ఆ మాట అన్నాక ఆయన అన్నం వదిలేసి లేచిపోయాడు. నా నోరు అట్లాంటిది. అన్నాక నాకే బాధేసింది గానీ పట్టు మాత్రం వదల్లేదు. ఆయన పేరు నిలబడాలంటే మంచి స్క్రీను ఉండి తీరాలి, నా భుజం ఏమైనా సరే. నాకు ఆ రోజుల్లో తెలిసింది అదొక్కటే.

చివరికి ఇద్దరం బస్సెక్కి నెల్లూరు వెళ్ళాం. షాపు యజమాని పెద్దమనిషే, మాటకారి. రెండు లాప్‌టాప్‌లు తెచ్చి గాజు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ధర అటూ ఇటూగా ఒకటే అన్నాడు. "ఇది పలక మాదిరి తేలిక సార్, చేతిలో ఉన్నట్టే తెలియదు. స్క్రీను మామూలే. ఇది బరువు, కానీ దీని ముందు కూసుంటే కళ్ళు తిప్పుకోలేరు. మీ పనికి ఏది కావాలో మీరే చూసుకోండి" అన్నాడు. నేను రెండూ ఎత్తి చూశాను. తేలికది ఎడమచేత్తో లేచింది. బరువుది ఎత్తేసరికి భుజంలో సూది దిగినట్టయింది. పైకి మాత్రం ఏమీ అనలేదు, అంటే ఆయనకు దొరికిపోతాను.

పెన్‌డ్రైవు తీసుకొచ్చాను. అందులో ఆ పెద్దావిడ ఫోటో ఉంది, మరక పడిన మొదటిది. కావాలనే తెచ్చాను. ఏ స్క్రీను మీద మరక కనపడితే అదే మనది అని ఇంటి దగ్గరే ఆయనతో పందెం వేసుకుని వచ్చాను. యజమాని రెండింట్లోనూ అదే ఫోటో తెరిచాడు.

తేలికదాని మీద మొహం కాస్త పాలిపోయినట్టుంది. నుదుటి మీద కళ్ళు చికిలించి చూస్తే ఉందా లేదా అన్నట్టు ఏదో ఛాయ. మంచి స్క్రీను మీద అయితే మరక తేటగా ఉంది. పొద్దున పెట్టుకుని సాయంత్రం చేత్తో తుడిచేసుకున్న కుంకుమలాగా, ఎర్రగా, నుదుటి మధ్యలో. దూరం నుంచే కనపడుతోంది. పందెం గెలిచానని నాకు పట్టలేని సంతోషం. నేను చెప్పకూడదు, ఆయన నోటితోనే ఒప్పించాలి అనుకుని ఆయన్ని మోచేత్తో పొడిచాను.

"ఇప్పుడు చెప్పయ్యా పెద్దమనిషీ. ఏది కావాల?"

ఆయన ముందుకు వంగాడు. మొదట తేలికదాని మీదికి, తర్వాత మంచిదాని మీదికి. ముక్కు స్క్రీనుకు తగిలేంత దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. ఆ ఎరుపు వెలుగు ఆయన కళ్ళద్దాల మీద పడింది. లేచి నిలబడి, తేలిగ్గా ఊపిరి వదిలి నవ్వాడు.

"రెండింట్లోనూ నుదురు శుభ్రంగానే ఉండాది గదమే. చూసినావా, తప్పు ల్యాబువాళ్ళదే, మనది కాదు. కొత్తది ఏదైనా సరిపోతాది. తేలికది తీసుకో, నీ భుజం బాగుపడతాది."

వేళాకోళం అనుకున్నాను. మంచి స్క్రీను మీద ఆ మరక పక్కనే వేలు ఆనించి "ఇక్కడ చూడయ్యా" అన్నాను.

"చూసినాలే. ఏముండాది అక్కడ?"

షాపు యజమాని నోరు తెరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. యజమాని నా మొహం చూశాడు, మా ఆయన మొహం చూశాడు, తెరిచిన నోరు మూసుకుని బల్ల మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఒక్కొక్కటీ వచ్చి తగిలింది నాకు. నడుం నొప్పని బండి వదిలేయడం. వెనక కూర్చుని రెండు చేతులా బిగించి పట్టుకోవడం. గుళ్ళో పాటల పుస్తకం తెరవకుండా కళ్ళు మూసుకుని పాడటం, దాన్ని నేను భక్తి అనుకోవడం. ఎట్టుండేవాడు, నవ్వితే ఎట్టుండేవాడు, ఇప్పుడెట్టుండాది అని ఇల్లిల్లూ అడగడం. అది ఓపికా కాదు, మెత్తబడటమూ కాదు. ఆ మనిషి చెవులతో పనిచేస్తున్నాడు. జువ్వలదిన్నె పిల్ల మొగుడి మొహాన్ని ఆయన చూడనేలేదు.

మంచి స్క్రీనే కావాలని నేను పట్టుబడితే, ఎందుకో అక్కడే చెప్పాలి. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, ఆ ట్యూబులైట్ల కింద, నా మొగుణ్ణి నా నోటితో గుడ్డివాణ్ణి చేయాలి. ఎంత నోరున్నా అది నా వల్ల కాలేదు. ఇంకోటి కూడా తోచింది. ఇకమీదట నేను మోయాల్సింది లాప్‌టాప్ ఒక్కటే కాదు. ఒక చెయ్యి ఆయనకు కావాలి.

"అవునయ్యా" అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. ఏం కనపడటంలా. తేలికదే తీసుకుందాం."

ఆయన పిల్లవాడిలా సంబరపడ్డాడు. బ్యాగు నేనే పట్టుకుంటానని లాక్కుని, షాపు మెట్టు దగ్గర తడబడి, పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాక నాకు ఆగలేదు. "ఎన్నాళ్ళనుంచయ్యా?" అన్నాను. ఏంది ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. "నన్ను ఇంకా ఎర్రిదాన్ని చేయబాక. ఇంత బొట్టుండాది ఆమె నుదుటి మీద. ఎదురుగా ఉండాది. నీకు కనపడలా."

కావలి బస్సుల వైపు, ఆ చప్పుడు వైపు, మొహం తిప్పుకున్నాడు.

"కుడిది పోయి చాన్నాళ్ళయిందిమే. ఎడమది మబ్బు పట్టినట్టుండాది. షుగరు."

"అద్దాలు మార్చుకునేటప్పుడు కళ్ళ డాక్టరు దగ్గరికి పోయినావు గదా. పర్లేదన్నారని చెప్పినావు గదా."

"పర్లేదని నేనే అన్నా."

నాకు పిచ్చికోపం వచ్చింది. అంత పెద్ద బస్టాండులో, పదిమందీ చూస్తుండగా, నోటికొచ్చినట్టు తిట్టాను. మోసగాడా అన్నాను. పెళ్ళాన్ని నమ్మనివాడివి నాతో ఎందుకు కాపురం చేశావన్నాను. "చెప్తే పని మానిపిస్తావని" అన్నాడు చివరికి. "ఆ పని మానేస్తే నేనేం చేసేదిమే, ఇంట్లో కూసోని?" కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మేమెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

తర్వాత నేనే చెయ్యి పట్టుకుని నెల్లూరులో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె దాచకుండా చెప్పింది. పోయిన చూపు రాదు, కుడి కన్ను మీద ఆశ పెట్టుకోవద్దు, ఎడమ కంట్లో ఉన్న కాస్తా నిలబెట్టడానికి సూదులు వేస్తామంది. "రంగులు తెలియకపోయినా ఫరవాలేదమ్మా, వెలుగు తెలుస్తున్నంతవరకూ మన చేతిలో ఉన్నట్టే. వెలుగుకీ చీకటికీ తేడా తెలియని రోజు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి" అంది. నేను ఆ మాట పట్టుకున్నాను. రోజూ పొద్దున లేవగానే కిటికీ తెరిచి, ఆయన్ని అటువైపు తిప్పి అడిగేదాన్ని.

"వెలుగు తెలస్తా ఉండాదా?"

"తెలస్తా ఉండాదిమే."

ఆ మాట విన్నాకే పొయ్యి వెలిగించేదాన్ని.

పని మానిపించలేదు. కొత్త లాప్‌టాప్ ముందు నేను కూర్చున్నాను, ఆయన నా వెనక కూర్చుని నేర్పించాడు. ఏ మీట నొక్కాలో ఆయన వేళ్ళకు తెలుసు, నా వేళ్ళు పట్టుకుని పెట్టేవాడు. "చర్మాన్ని మరీ నున్నగా చేయబాక, బొమ్మయిపోతాడు. మనిషి ఊపిరి తీసుకున్నట్టుండాల" అనేవాడు. నేను ఎన్నో మొహాలు పాడుచేశాను. ఆ మామూలు స్క్రీను మీద రంగు అంతంతమాత్రమే తెలిసేది, అందుకని ల్యాబు నుంచి ప్రతి ఫ్రేమునూ విప్పి చూసుకుని మరీ ఇచ్చేదాన్ని. చావు ఇళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు. అన్న పెద్దవాడయ్యాడు, అక్క నేర్చుకుంటోంది అనుకున్నారు. అడగాల్సినవి అడిగేది ఆయనే. అన్నీ అయ్యాక వాళ్ళు అడిగేదీ ఆయన్నే. "అన్నా, నువ్వొకసారి చూడు" అనేవాళ్ళు. ఆయన వంగి, స్క్రీను దగ్గరగా మొహం పెట్టి, చూసి, "వచ్చినాడమ్మా" అనేవాడు. అది విన్నాకే వాళ్ళకు మనసు నిలిచేది. స్క్రీను మీద వెలుగు, అందులో మొహం ఉన్నచోట నీడ, ఆ మాత్రం తనకు తెలుస్తుందని నాతో చెప్పాడు. నేను నమ్మాను.

మొన్న ఎండాకాలంలో సముద్రం పక్క ఊరొకటికి వెళ్ళాం. ఇంటాయన రొయ్యల గుంట దగ్గర కరెంటు తగిలి పోయాడు. ఇసుక గాలికి తలుపులూ కిటికీలూ అన్నీ మూసేశారు, లోపల మసకగా ఉంది. భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన అడిగాడు, ఆమె చెప్పింది, నేను చేశాను. కళ్ళు దిద్దడానికి చాలాసేపు పట్టింది. పని అయ్యాక లాప్‌టాప్ మంచం మీద ఆయన ముందు పెట్టి, గొంతెండిపోయి, మంచినీళ్ళ కోసం వాకిట్లోకి వెళ్ళాను. అక్కడ ఆ ఇంటి ఆడవాళ్ళు నన్ను కాసేపు మాటల్లో పెట్టారు.

లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "అన్నా, కళ్ళు సరిగ్గా వచ్చినాయా? ఆయన కళ్ళు చానా మంచిగుంటాయన్నా."

నేను నీళ్ళ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాను. మా ఆయన లాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు. దాని వీపు ఆమె వైపుంది. మామూలుగా చూసినట్టే వంగి, మొహం దగ్గరగా పెట్టి, నిదానంగా చూశాడు.

"వచ్చినాయి తల్లీ" అన్నాడు. "కళ్ళు బాగా వచ్చినాయి. ఎదురుగా కూసోని నిన్ను చూస్తా ఉన్నట్టే ఉండాడు."

ఆమె కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. నేను నిలబడ్డచోట నుంచి స్క్రీను సగం కనపడుతోంది. ఛార్జింగు మిగలాలని ఆ లాప్‌టాప్‌ను కాసేపు ముట్టుకోకపోతే ఆరిపోయేలా పెట్టింది నేనే. అది ఆరిపోయి ఉంది. నల్లగా ఉంది. ఆ నలుపులో మా ఆయన మొహం ఒక్కటే ఉంది.

ఆమె లేచి ఇటువైపు వచ్చేలోగా గబగబా వెళ్ళి మీట నొక్కాను. వెలుగొచ్చింది, ఆమె మొగుడు వచ్చాడు. ఆ వెలుగు మా ఆయన మొహం నిండా పడింది. రెప్ప కూడా కదల్లేదు.

ఆ రోజు పొద్దున కూడా కిటికీ తెరిచి అడిగాను. తెలస్తా ఉండాదిమే అనే చెప్పాడు.